చప్పుడు చెయ్యని పెట్టె

ఆ వీధిలో ఆయన్ని అందరూ ‘ఒక్కలాగుడు’ అనేవారు. మొహం మీద కాదు లెండి, మొహం మీద ‘మేస్త్రీగారూ’ అనే పిలిచేవారు. నలుగురు మెకానిక్కులు విప్పి, బిగించడం చేతగాక వదిలేసిన జనరేటర్లు చివరికి ఆయన షెడ్డుకే చేరేవి. ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని, ఎడమ అరచెయ్యి ఇంజను మీద ఆనించి, కుడిచేత్తో తాడు లాగేవాడు. అది ఒకసారి దగ్గి ఊరుకునేది. “కార్బరేటరు జోలికి పోకండి, పాపం దాని తప్పేం లేదు. వాల్వు కూర్చోవట్లేదు,” అనేవాడు. సాయంత్రానికి అదే మిషను ఒక్క లాగుడుకి అందుకునేది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన బతుకు ఇదే.

ఇంటి ముందు భాగం షెడ్డు. దాని వెనక మధ్యగది, ఆ వెనక వంటిల్లు, ఆపైన జానెడు పెరడు. షెడ్డుకీ మధ్యగదికీ నడుమ ఒక తలుపు. పెట్రోలు వాసన లోపలికి పోకుండా ఆయనే దాన్ని ఎప్పుడూ మూసి ఉంచేవాడు, ఎందుకంటే ఆయన భార్యకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆవిడ పరుపుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు దూది ఏకింది. మూతికి గుడ్డ కట్టుకోమని ఫ్యాక్టరీవాళ్ళు గోడ మీద రాసి పెట్టారు గానీ, ఆ ఉక్కలో గుడ్డ కట్టుకుని పనిచేసినవాళ్ళు ఎవరూ లేరు. మూడేళ్ళ కిందట మెట్లెక్కితే ఆయాసం, కిందటేడు కంచం కడిగితే ఆయాసం, ఈ ఏడు కూర్చున్నా ఆయాసం. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, ఇంటికి పంపించేటప్పుడు పెద్ద డాక్టరు ఒక ఆక్సిజన్ మిషను రాశాడు. గదిలో గాలినే పీల్చుకుని, వడగట్టి, సన్నని గొట్టంలోంచి ముక్కుకి పంపించే మిషను అది.

“తిండి మానేసినా ఒక పూట ఊరుకుంటాను. దీన్ని మాత్రం ఆపకండి. మీ ఇంట్లో కరెంటు సంగతి ఏమిటి?” అని అడిగాడు డాక్టరు.

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళ వీధిలో కరెంటు అల్లుడిలాంటిది, ఎప్పుడొస్తుందో చెప్పదు, ఎప్పుడు అలిగి పోతుందో చెప్పదు. వారంలో రెండు మూడుసార్లు పోవడం మామూలే, ఈదురుగాలి వీచిన రోజున పూటల తరబడి రాదు. అందుకని ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న సిలిండరు కూడా ఇచ్చి, అవసరానికి గంటో గంటన్నరో వస్తుందని చెప్పారు. అది మధ్యగదిలో షెడ్డు తలుపు పక్కన మూలన నిలబడింది.

“దానికేముందండీ, నేను జనరేటర్ల మేస్త్రీని. మా ఇంట్లో కరెంటుకి లోటా?” అన్నాడు ఆయన. ఆ మాట అన్నప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

అసలు తగాదా ఆ ఆదివారం మొదలైంది. కూతురు రెండు బస్సులు మారేంత దూరంలో ఉంటుంది, కళ్ళజోళ్ళ షాపులో పని. వచ్చీ రాగానే చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వెళ్ళి చూసింది. తండ్రి అక్కడ రెండు ఇటుకల వరసల మీద తన పెట్రోలు జనరేటర్ని కూర్చోబెట్టి, వంటింటి కిటికీలోంచి వైరు లాగి పెట్టాడు. చేతికొచ్చిన పాత మిషన్ల భాగాలు ఏరి కూర్చి తయారుచేసుకున్న జనరేటరు అది. పిల్లని చూపించినంత మురిపెంగా దాన్ని ఎందరికో చూపించేవాడు.

“నాన్నా, ఇది వద్దు. బ్యాటరీ పెట్టెలొచ్చాయి. గోడకి తగిలించి ఉంచితే అదే చార్జి ఎక్కుతుంది. కరెంటు పోయిన క్షణంలో అదే అందుకుంటుంది. పొగ లేదు, చప్పుడు లేదు, తాడు లాగక్కర్లేదు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను.”

“ఎన్ని గంటలొస్తుంది?”

“అమ్మ మిషను ఒక్కటే అయితే ఐదు గంటలు.”

“కరెంటు ఎనిమిది గంటలు పోతే? నా దాంట్లో పెట్రోలు పోస్తూ ఉంటే వారమైనా ఆడుతుంది.”

“పొగో?”

“పొగ పైకి పోతుంది.”

“గాలి ఇటు తిరిగితే?”

దానికి ఆయన దగ్గర జవాబు లేకపోలేదు, ఉన్న జవాబు చెప్పుకోదగ్గది కాదు. ఆయనకి తెలిసిన ఒక బట్టల కొట్టు యజమాని వానకి తడుస్తుందని జనరేటర్ని కొట్లోనే పెట్టి, షట్టరు దించుకుని లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు షట్టరు పగలగొట్టి తీశారు మనిషిని. తరవాత కొన్నాళ్ళకి వాళ్ళ తమ్ముడు అదే మిషన్ని అమ్ముకుందామని ఈయన షెడ్డుకి తెచ్చి, ఏమన్నా లోపముందేమో చూడమన్నాడు. ఈయన చూశాడు. లోపమేమీ లేదు. చక్కగా పనిచేస్తోంది.

ఆ సంగతి కూతురికి చెప్పలేదు. “ఇంజను ఆగిపోయే ముందు నాలుగుసార్లు దగ్గి, మనకి చెప్పి ఆగుతుంది. నీ పెట్టె చెప్పాపెట్టకుండా చచ్చిపోతుంది. దాన్ని నమ్మి మీ అమ్మని పడుకోబెట్టలేను,” అన్నాడు.

“ఎందుకు చెప్పదు? అయిపోవచ్చేసరికి కీచుకీచుమని కూస్తుంది. ఆ తరవాత అమ్మ మిషను కూడా కూస్తుంది. ఇదిగో, విను.” కూతురు ఫోన్లో ఏదో వీడియో పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

ఆయన తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని, శ్రద్ధగా విన్నాడు. “ఊఁ, గట్టిగానే ఉంది,” అన్నాడు.

ఆయనకి ఏమీ వినపడలేదు.

ఇది ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగ్గా తెలియదు. ఒకరోజు కుక్కరు మాడిపోయింది, కూత వినపడలేదేమిటా అనుకున్నాడు. తరవాత చెట్ల మీద పిట్టలు కూయడం మానేశాయి అనుకున్నాడు. ఫోను మోత వినపడక, దాన్ని వణికేలా పెట్టుకుని చొక్కా జేబులో గుండెకి ఆనేలా వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. విచిత్రమేమిటంటే లావు చప్పుళ్ళన్నీ శుభ్రంగా వినిపించేవి. ఇంజను గుడగుడ, లారీ రొద, మగవాళ్ళ మాట, అన్నీ. సన్నటివే పోయాయి. కాబట్టి పనికి అడ్డం రాలేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు. మేస్త్రీగారు చెవితో జబ్బు పట్టేస్తారని చుట్టుపక్కల పేరు. ఆ చెవి పోయిందని తెలిస్తే షెడ్డు ముందు ఎవరు ఆగుతారు?

జనరేటరైతే పెరట్లో ఆడుతున్నంతసేపూ షెడ్డులో కూర్చున్నా అరికాళ్ళకి తెలుస్తుంది. ఆగితే ఆ క్షణమే తెలుస్తుంది. ఆయన పట్టుపట్టింది అందుకు. చెప్పుకోలేనిదీ అదే.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. తండ్రి ఉత్సాహంగా వెళ్ళి తాడు లాగాడు. ఒక్క లాగుడుకే అందుకుంది. పావుగంట బాగానే ఉంది. తరవాత గాలి మళ్ళి, పొగ వంటింట్లోకి, అక్కణ్ణించి మధ్యగదిలోకి వచ్చింది. మంచం మీద ఆవిడ దగ్గడం మొదలుపెడితే ఇక ఆగలేదు. గొట్టం ముక్కులోంచి ఊడి మెడ మీద వేలాడింది. కూతురు పరిగెత్తి జనరేటరు ఆపేసి, సిలిండరు విప్పింది.

అంతా సద్దుమణిగాక మంచం పక్కన తండ్రీ కూతురూ మళ్ళీ మొదలెట్టారు. ఎవరి మాట వారిది. చివరికి ఆయన భార్య వైపు తిరిగి, “నువ్వు చెప్పవే. నీకేది కావాలి?” అన్నాడు.

ఆవిడ ఊపిరి కూడగట్టుకుని, “కావలసింది అడిగితే ఏం చెబుతాను, వద్దనేది చెబుతాను. నాకు పొగ వద్దు,” అంది.

ఆ మాటతో పెట్టె వచ్చింది. బూడిదరంగుది, చిన్న ట్రంకుపెట్టెంత ఉంది, ముందువైపు వెలిగే అంకెలున్నాయి. ఆయన మొదటిరోజు దాని మీద అరచెయ్యి ఆనించి చూశాడు. లోపల ఏదీ కదలడం లేదు. చెయ్యి తీసేసి లుంగీకి తుడుచుకున్నాడు.

రెండు నెలలు దానికేమీ వంక దొరకలేదు. కరెంటు పోయేది, మంచం మీద ఆవిడకి ఆ సంగతి కూడా తెలిసేది కాదు. పక్కింటి బేకరీ ఆయనకి మాత్రం పండగలా ఉంది. ఆయన రాత్రంతా పొయ్యిల దగ్గర నిలబడి, పొద్దున తొమ్మిదింటికి తలనిండా పిండితో ఇల్లు చేరి పడుకునే మనిషి. ఆరేళ్ళుగా జనరేటర్ల రొద గురించి మేస్త్రీతో తగువు. ఒకసారి కిటికీలోంచి చెంబు కూడా విసిరాడు. “మీ ఇంట్లోకి దేవుడే వచ్చినట్టుందండీ, ఆ పెట్టె రూపంలో,” అన్నాడు ఒకరోజు గుమ్మం దగ్గర.

“షెడ్డులో పని మానలేదులే, మరీ సంబరపడకు,” అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి కరెంటు పోయింది. గాలేమీ లేదు, వీధి చివర ఏదో తవ్వుతూ తీగ తెంపేశారు. మేస్త్రీ లోపలికెళ్ళి పెట్టె మీద అంకెలు చూసుకున్నాడు. నిండుగా ఉంది. రెండింటిదాకా దిగులు లేదనుకున్నాడు. అప్పుడే కోల్డ్ స్టోరేజీవాళ్ళు ఒక పెద్ద జనరేటర్ని బండి మీద తెచ్చి దింపారు. సరుకు పాడైపోతోంది, మధ్యాహ్నానికల్లా కావాలన్నారు. ఆయన చేతులు అప్పుడే దాని మీదికి పోయాయి. బేరింగు పట్టేసింది. ఊడదీయాలంటే చుట్టూ కాల్చాలి, వేడిగాలి మిషను కావాలి. షెడ్డులో కరెంటు లేదు, ఆవిడ పొగ వద్దన్నాక పెరట్లో జనరేటరూ వెయ్యడం లేదు.

తలుపు తీసి లోపలికి చూశాడు. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఏదో పాత చొక్కాకి బొత్తాం కుడుతోంది.

“ఇదిగో, నీ పెట్టెలోంచి ఐదు నిమిషాలు వాడుకుంటాను.”

“వాడుకోండి. అమ్మాయి నాకొక్కదానికే తెచ్చిందా ఏమిటి?” అంది ఆవిడ నవ్వుతూ. ఆ మాట ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాడు.

తలుపు కింది సందులోంచి వైరు లాగి, తలుపు మూసేశాడు. బేరింగు మొండికేసింది. ఐదు నిమిషాలు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి, పాతిక దాటాక గానీ ఊడలేదు. ఆ వేడిగాలి మిషను ఎంత తింటుందో ఆయనకి తెలియనిది కాదు. ఆవిడ మిషను గంటన్నరకి పైగా తినేదాన్ని ఇది అరగంటలోపే మింగేస్తుంది. ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పేవాడే. ఆ పొద్దున అడిగినవాళ్ళు లేరు, ఆయనా తనని తాను అడుక్కోలేదు. బేరింగు చేతిలోకి వచ్చిన ఆనందంలో కొత్తది కూర్చోబెట్టడంలో పడ్డాడు.

పన్నెండు దాటుతుండగా మూసిన తలుపు వెనక పెట్టె కూయడం మొదలుపెట్టింది. కాసేపు కూసి అది ఆరిపోయింది. అప్పుడు ఆక్సిజన్ మిషను కూయడం మొదలుపెట్టింది. మేస్త్రీ తలుపుకి వీపుపెట్టి, నాలుగడుగుల దూరంలో కూర్చుని, మరలు బిగించుకుంటున్నాడు.

ఆవిడ పిలిచింది. ఆయనకి మామూలప్పుడే వినపడని సన్నటి గొంతు, ఊపిరి లేని గొంతు. సిలిండరు కోసం లేవబోయింది. రెండడుగులు వేసి నేల మీద కూలబడింది.

ఎంతసేపో ఎవరికీ తెలియదు. షెడ్డు రేకు తలుపు దబదబా మోగడం మేస్త్రీకి వినిపించింది, అది లావు చప్పుడే కాబట్టి. బేకరీ ఆయన లుంగీ సగం జారుతుంటే పట్టుకుని, నిద్రకళ్ళతో, ఉగ్రంగా నిలబడి ఉన్నాడు.

“మీకు మనిషి ప్రాణం అంటే లెక్కుందా లేదా? పావుగంట నుంచి ఆ కూతేమిటి? గోడలోంచి బుర్రలో మేకు దిగగొట్టినట్టుంది! ఆపుతారా, నన్ను వచ్చి ఆపమంటారా?”

“ఏ కూత? నేను జనరేటరు వెయ్యనేలేదే,” అన్నాడు మేస్త్రీ.

బేకరీ ఆయన లోపలి తలుపు వైపు చూసి, మళ్ళీ మేస్త్రీని చూశాడు. కోపం దిగిపోయి మొహంలోకి ఇంకేదో వచ్చింది. “మీకు… వినపడట్లేదా?”

అప్పుడు అర్థమైంది మేస్త్రీకి. చేతిలో పానా ఎక్కడ పడిందో తెలియదు. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది, వెనక ఆవిడ పడి ఉంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. సిలిండరు తిప్పబోతే ఆయన చెయ్యి జారింది. ముప్పై నాలుగేళ్ళలో ఎంత బిగిసిన మరకీ జారని చెయ్యి అది. బేకరీ ఆయనే తిప్పి, గొట్టం ముక్కులో పెట్టి, ఆవిడ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అంబులెన్సుకి ఫోను చేసింది కూడా ఆయనే.

ఆవిడ బతికింది. మూడు రోజులు ఐసీయూలో ఉంచి, వార్డులోకి మార్చారు. కూతురు బట్టలు తేవడానికి ఇంటికెళ్ళి, తిరిగి వచ్చి, వార్డు బయట బెంచీ మీద తండ్రి పక్కన కూర్చుంది.

“పెట్టెకి ఇంకో వైరు తగిలించి ఉంది నాన్నా. షెడ్డులోకి పోతోంది. ఏమిటది?”

ఆయన చెప్పాడు. దాచలేదు. పాతిక నిమిషాలని కూడా చెప్పాడు.

“అంటే అమ్మ ఊపిరి తీసి బేరింగుకి పెట్టావు,” అంది కూతురు. ఏడవలేదు, అరవలేదు. “సరే, పెట్టావు. మరి అది కూసినప్పుడైనా లేవాలి కదా? పక్కింటాయన నిద్రలేచి వచ్చాడు. నువ్వు నాలుగడుగుల్లో ఉండి లేవలేదు. పనిలో పడితే నీకు మనుషులు గుర్తుండరు.”

ఆయన ఆ మాట పడ్డాడు. నిర్లక్ష్యం చేశాడనిపించుకోవడమే నయమనిపించింది.

సాయంత్రం ముగ్గురూ ఉన్నప్పుడు కూతురు అదే మాట తల్లి ముందు మళ్ళీ అంది. ఆవిడ మూతి మీద మాస్కు పక్కకి జరిపి, “మీ నాన్నకి వినపడదే,” అంది.

“ఏది వినపడదు?”

“సన్నటివేవీ వినపడవు. నా మాటా వినపడదు. చూసి తెలుసుకుంటారు.”

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ పిల్ల లేచి, డాక్టర్ని చూసొస్తానని బయటికి వెళ్ళిపోయింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?” అన్నాడు ఆయన.

“కుక్కరు మాడిననాటి నుంచి. తొమ్మిదేళ్ళు.”

“ఒక్కసారైనా అనలేదేం?”

“అంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకున్నా, చెవిటి మేస్త్రీ దగ్గరికి మిషన్లెవరు తెస్తారు?” ఆవిడ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. “ఆ పెట్టె వద్దని మీరు పట్టుపట్టినప్పుడే నేను చెప్పాల్సింది. పొగకి భయపడి ఊరుకున్నాను. మీ మాటని మొండితనం కింద తోసేశాను. తప్పు మీ ఒక్కరిదే కాదు. ఇద్దరం పనికి తలా ఒక అవయవం ఇచ్చేసి, ఇవ్వనట్టు నటించాం.”

ఆయనకి ఆ ఓదార్పు అందలేదు. అందుకోవడం తన హక్కు కాదనిపించింది.

ఆవిడ ఇంటికొచ్చాక ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న మాట మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ గొంతు పెంచలేదు. పెట్టె ఉంటుంది, ఆవిడ మిషను తప్ప దానికి ఇంకేదీ తగలదు. నాలుగు గంటలు దాటిన కరెంటు కోతలకి జనరేటరు కూడా ఉంటుంది, పెరట్లో మాత్రం కాదు. బేకరీ ఆయన ఇంటి వెనక ఖాళీ స్థలముంది. అక్కడ పెట్టి, పొడుగు వైరుతో పెట్టెకి చార్జి ఎక్కించుకోవచ్చు. అడగడానికి మేస్త్రీ తనే వెళ్ళాడు. అటూ ఇటూ తిప్పి, చివరికి సంగతి చెప్పాడు.

“పగలు నేను పడుకోవాలి గదండీ,” అన్నాడు బేకరీ ఆయన.

“కోతలు పగలే గదయ్యా.”

ఆయన తల గోక్కుని, రాలిన పిండి దులుపుకుని, “సరే, చెవుల్లో దూది పెట్టుకుంటాను. మీరు మాత్రం చెవికి ఏదన్నా చూపించుకోండి. నేను ఊరెళ్ళిన రోజున ఎవరు లేపుతారు?” అన్నాడు.

కూతురు తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. అక్కడి అమ్మాయి కాగితం మీద గీత గీసి చూపించింది. గీత కాస్త దూరం నేల మీద నడిచినట్టు నడిచి, ఉన్నట్టుండి గోతిలో పడిపోయింది. “ఇక్కణ్ణించి మీకు ఏమీ అందదండీ. మోతల్లో పనిచేసేవాళ్ళకి ఇలాగే పోతుంది,” అంది. చెవి వెనక పెట్టుకునే మిషను ఇచ్చారు. దాన్ని దాచడానికి కుదరలేదు. ఆవిడ భయపడినట్టే అయింది, నెల తిరక్కుండానే కోల్డ్ స్టోరేజీవాళ్ళు వేరే మెకానిక్కుని చూసుకున్నారు. మరో ఇద్దరు రావడం మానేశారు.

అయితే ఆయన్ని కుంగదీసింది అది కాదు. మొదటిరోజు చెవి మిషను పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టగానే తన చెప్పుల చప్పుడు వినిపించి ఉలిక్కిపడ్డాడు. గిన్నె మీద చెంచా, ఫ్యాను కీచు, వీధిలో ఎవరి సైకిలో. తరవాత మధ్యగదిలోంచి ఒక ఈల వినిపించింది. సన్నగా, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. మధ్యలో ఏదో చిట్లినట్టు గరగర. ఏ మిషనుకి ఏమైందోనని చుట్టూ వెతికాడు.

“ఏం వెతుకుతున్నారు?” అంది ఆవిడ. అన్నప్పుడు ఆ ఈల ఆగింది. మాట అయిపోగానే మళ్ళీ మొదలైంది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. “ఎప్పట్నుంచి ఇలా ఉంది, నీ ఊపిరి?”

“ఎలా?”

“ఈ ఈల.”

“అదా, మూడేళ్ళయింది.”

మూడేళ్ళు ఆ మనిషి పక్కనే పడుకున్నాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పినవాడికి పక్కలో ఉన్నది అందలేదు. ఆవిడ ఆయన మొహం చూసి, “కాసేపు తీసెయ్యండి దాన్ని,” అంది. ఆయన తియ్యలేదు.

ఆ తరవాత ఆవిడ ఏడాదీ నాలుగు నెలలు ఉంది. కరెంటు ఎన్నిసార్లు పోయిందో, అన్నిసార్లూ పెట్టె అందుకుంది. ఆరుసార్లు పక్క స్థలంలో జనరేటరు వెయ్యాల్సి వచ్చింది. మేస్త్రీ పెట్రోలు పని తగ్గించుకుని, వాసన లేని చిన్న పనులు మధ్యగదిలోకే తెచ్చుకున్నాడు. మంచానికి ఎదురుగా పీట వేసుకుని, ఒళ్ళో గుడ్డ పరుచుకుని, స్టార్టర్లూ స్విచ్చులూ విప్పి తుడిచేవాడు. ఆవిడ కునుకు తీసేది. ఈల సాగేది. ఒక్కోసారి లోపలికి వెళ్ళిన ఊపిరి బయటికి రావడం ఆలస్యమయ్యేది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగేది. వచ్చాక మళ్ళీ కదిలేది.